పడుగు కొసలు

"కత్తెర ఎందుకే?" అని అడిగింది అవ్వ.

రామసుబ్బమ్మవ్వ గుడ్డసంచి సర్దుతోంది. అడుగున పావడా, రవిక. వాటి మీద దువ్వెన. పక్కన చెనిక్కాయల బెల్లం ఉంటలు. అన్నిటి పైన మనవరాలు ఉలిగమ్మ కత్తెర పెట్టింది.

"రంగు కాగితాలు కోయాల అవ్వా. హాలంతా నేనే సర్దాల."

"హిందూపురంలో కత్తెరలు లేవా?"

"నాది నాకు కావల్ల."

పెనుకొండ నుంచి హిందూపురం పెద్ద దూరం కాదు. అయినా ఎవరు ఊరు దాటినా అవ్వకు దిగులే. "రైలు నిలిచినాకే దిగు. సిద్ధమ్మత్త ఇల్లు ఇడిచి యాడికీ పోవద్దు. పోయినట్లే రావల్ల" అంది.

"రేపు సాయంత్రం ఈడ ఉంటా కదవ్వా!"

"అందరూ అట్లే చెప్పి పోతారు" అంటూ అవ్వ సంచి మూతి బిగించింది.

అది 1964 నవంబరు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం హైస్కూళ్ళ పిల్లలు కలిసి యంత్రాల పోటీ పెట్టుకున్నారు. ఎవరు చేసిన యంత్రాన్ని వారే నడిపి చూపాలి. ఏర్పాట్లన్నీ పిల్లలవే. హిందూపురం నారాయణ అందరికీ పెద్ద. పెనుకొండ బడిలో ఎనిమిదో తరగతి చదివే ఉలిగమ్మకు హాలు సర్దే పని అప్పగించారు. గెలిచినవాళ్ళకు హిందూపురం హాస్టల్లో చదువు ముగిసేదాకా చోటు, తిండి ఉచితం.

ఉలిగమ్మ, వాళ్ళ సైన్సు అయ్యవారు నరసింహులు ధర్మవరం నుంచి వచ్చిన రైలెక్కారు. కిటికీ పక్కన ఒక అబ్బాయి గోనెసంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పేరు చెన్నకేశవులు. ధర్మవరం బడి, నేత నేసేవాళ్ళ పిల్లవాడు.

"ఏముండాదప్పా దాంట్లో? పట్టుకొని కూర్చున్నావు, కోడిపుంజు ఏమన్నా ఉండాదా?" అంది ఉలిగమ్మ.

అతను నవ్వాడు. "మగ్గం. చిన్నది. మా నాయనకు భుజం లేయదు. అందుకే చేత్తో గుంజే పని లేకుండా, కాలితో తొక్కితే నాడె తిరిగేటట్లు చేసినా. సైకిల్ చైను ఏసినా."

"నాడె అంటే?"

"అడ్డపోగు మోసుకొని అటూ ఇటూ తిరిగేది."

"గెలుస్తావా?"

"గెలవల్ల." అతని నవ్వు పోయింది. "గెలవకుంటే మా మామ బెంగుళూరు తీసుకపోతాడు. ఆడ కరెంటు మగ్గాల్లో పని. బడి మాన్పిస్తామని ఇంట్లో చెప్పేసినారు."

ఉలిగమ్మ ఒక ఉంట తీసి ఇచ్చింది. అతను తింటూ చెప్పసాగాడు. "పడుగు ఇంకా ఎక్కించలేదు. నిలువు పోగులు వేరే చుట్టి తెచ్చినా. రేపు పొద్దున్నే కొసలకు..."

"అట్లనా" అంది ఉలిగమ్మ. ఆమె అప్పటికే ఎర్ర కాగితం మడిచి, జెండా ఆకారం కోస్తోంది. అతను మాట ఆపి కిటికీ వైపు తిరిగాడు.

హిందూపురం బడి హాల్లో బల్లలు వేసి ఉన్నాయి. పిల్లలు తెచ్చిన యంత్రాలు వాటి మీద పెట్టి, బస చేసే ఇళ్ళకు వెళ్ళిపోయారు. చెన్నకేశవులు కూడా మగ్గాన్ని బల్ల మీద పెట్టాడు. పడుగు చుట్ట మాత్రం వెంట తీసుకుపోయాడు.

"రేపు గెలుపు తేల్చే పెద్ద సార్లు వస్తారు. హాలు అద్దం మాదిరి ఉండాల" అన్నాడు నారాయణ.

ఉలిగమ్మ జెండాలు కట్టింది. నేల ఊడ్చింది. బల్లలు తుడిచింది. చివర్లో మగ్గం దగ్గరకు వచ్చి ఆగిపోయింది. కొయ్య, చైను, కాలితో తొక్కే పలక చక్కగా ఉన్నాయి. కాని మధ్యలో నుంచి పోగులు ముందుకూ వెనక్కూ వేలాడుతున్నాయి, దువ్వని జుట్టులాగా.

"అయ్యో, ఇంత బాగా చేసి ఇట్లా వదిలేసినాడే" అనుకుంది. కొత్త రవికకు పోగులు వేలాడితే అవ్వ వెంటనే కత్తిరించేస్తుంది. అది మంచి పనే కదా.

ఉలిగమ్మ కత్తెర తీసింది. ముందరి పోగులు కోసింది. వెనకవి కోసింది. లోపల మిగిలిన ముక్కలను కూడా ఓపిగ్గా లాగేసింది. అన్నీ చెత్తబుట్టలో వేసింది. దూరంగా నిలబడి చూసింది. మగ్గం మిలమిల మెరిసింది.

పొద్దున చెన్నకేశవులు చుట్ట చంకలో పెట్టుకుని వచ్చాడు. మగ్గం చూసి అక్కడే నిలబడిపోయాడు.

"కొసలు యాడికి పోయినాయి?"

"ఉలిగమ్మ శుభ్రం చేసింది కదప్పా. ఎట్లుండాదో చూడు, పెళ్ళికొడుకు మాదిరి!" అన్నాడు నారాయణ.

చెన్నకేశవులు వంగి చూశాడు. మగ్గం లోపలి కన్నాలను వేలితో తడిమాడు.

"అవి చెత్త గాదు" అన్నాడు మెల్లగా. "ఆ పాత కొసలకే కొత్త పడుగు అతకాల. అతికి గుంజితే ఏ పోగు దాని కన్నంలోకి అదే పోతాది. ఇప్పుడు ఒక్కొక్కటే దూర్చాల. పొద్దుగూకేదాకా దూర్చినా కాదు. మా చిన్న చెల్లెలు గూడ మగ్గం మీద కొసలు కోయదు."

ఉలిగమ్మ పరుగెత్తింది. చెత్తబుట్ట అప్పటికే ఎవరో కుప్పలో పోశారు. కుప్పలో చేయి పెట్టి, దొరికిన పోగులన్నీ పావడాలో వేసుకుని తెచ్చింది.

"తెచ్చి ఏం చేస్తావు?" అన్నాడతను.

ఇద్దరూ కూర్చుని కన్నాల్లోకి పోగులు దూర్చసాగారు. అతని వేళ్ళు చురుగ్గా కదిలాయి. ఉలిగమ్మ దూర్చిన పోగు పక్క కన్నంలోకి పోతోంది. ఒక వరుస కూడా పూర్తి కాలేదు. పెద్ద సార్లు వచ్చేశారు.

చెన్నకేశవులు లేచి పలక తొక్కాడు. చైను తిరిగింది. నాడె టకటకమని అటూ ఇటూ పరుగెత్తింది.

"భలే! గుడ్డ యాడబ్బా?" అన్నాడొక సారు. పక్కవాళ్ళు నవ్వారు.

"గుడ్డ లేదు సార్" అన్నాడు చెన్నకేశవులు. ఎందుకు లేదో చెప్పలేదు.

ఉలిగమ్మ ముందుకు వచ్చింది. "పోగులు నేను కోసేసినా సార్. చెత్త అనుకున్నా. అతని తప్పు లేదు."

సారు నవ్వు ఆపేశాడు. తానూ పలక తొక్కి చూశాడు. "పాపం. కాని నేసి చూపనిదానికి బహుమతి ఎట్లిచ్చేదమ్మా?" అని పక్క బల్లకు జరిగాడు.

గాలితో నీళ్ళు తోడే యంత్రం గెలిచింది. దాన్ని చేసిన పిల్లవాడిని అందరూ భుజాల మీద ఎత్తుకున్నారు. జెండాలు చాలా బాగున్నాయని ఉలిగమ్మను కూడా మెచ్చుకున్నారు. ఆమె చప్పట్లు వినలేదు.

తిరుగు రైలులో చెన్నకేశవులు మళ్ళీ కిటికీ పక్కనే కూర్చున్నాడు. గోనెసంచి ఈసారి ఒళ్ళో లేదు, కాళ్ళ దగ్గర ఉంది.

"వచ్చే ఏడు పోటీ మా పెనుకొండలో. తెస్తావు కదా?" అంది ఉలిగమ్మ.

"మీ ఊరు వచ్చె. దిగు" అన్నాడతను.

అవ్వ స్టేషన్ బయటే నిలబడి ఉంది. మనవరాలి తల, చేతులు తడిమి, "వచ్చినావా తల్లీ! అందరూ బాగా వచ్చినారా?" అంది. ఉలిగమ్మ అవ్వ కొంగులో ముఖం దాచుకుంది.

ఉలిగమ్మ బతిమాలితే నరసింహులు అయ్యవారు మరుసటి నెల ధర్మవరం వెళ్ళి, చెన్నకేశవులును బడి మాన్పించవద్దని అతని నాయనకు చెప్పాలని చూశారు. చిన్న మగ్గం అటక మీద కనిపించింది. పిల్లవాడు కనిపించలేదు.

మరుసటి ఏడు పెనుకొండ బడిలో పోటీ. ఈసారీ హాలు ఉలిగమ్మదే. పొద్దున్నే ఒక చిన్న పిల్ల చీపురుతో ఒక బల్ల దగ్గరకు పోయింది. బల్ల మీద మట్టితో కట్టిన చిన్న ఆనకట్ట ఉంది. దాని చుట్టూ బురద, తడి గోనెముక్కలు.

"అక్కా, ఎంత గలీజుగా ఉండాదో! తీసేస్తా."

"ఆగు, ముట్టద్దు" అంది ఉలిగమ్మ.

ఆమె బయటకు పోయి, ఆనకట్ట చేసిన పిల్లవాడు ఎక్కడున్నాడో వెతికింది. అతను ఉగ్గాని తింటున్నాడు. "ఆ తడి గోనెలు అట్లే ఉండాల్నా?" అని అడిగింది.

"ఉండాలక్కా. లేకుంటే మట్టి పగిలిపోతాది."

"ఎందుకు పగులుతాది? చెప్పు, వింటా."

అతను చెప్పాడు. ఆమె చివరిదాకా విని, అతను తిని వచ్చేవరకు బల్ల పక్కనే నిలబడింది.

ధర్మవరం పిల్లలు మధ్యాహ్నం రైలుకు వచ్చారు. వాళ్ళకోసం కిటికీ దగ్గర పెద్ద బల్ల, మగ్గం పట్టేంతది, ఉంచింది ఉలిగమ్మ. వాళ్ళు దాని మీద బ్యాటరీతో మోగే చిన్న గంట పెట్టారు.

వాళ్ళలో చెన్నకేశవులు లేడు. 1964 డిసెంబరులో మామతో బెంగుళూరు రైలెక్కినవాడు మళ్ళీ ధర్మవరం బడికి రాలేదు.