విప్పని వెండి తాళం

అసురసంధ్య!

ఏడో నెల పున్నమి... ప్రేతలోక ద్వారాలు తెరుచుకునే దినం! ఒంటికంటి డ్రాగన్ మడుగు మీద కారుమేఘాలు కమ్ముకున్నాయి. ఫెళ్ళున పిడుగు పడింది! తామరదీపాలు వదలడానికొచ్చిన జనం చెల్లాచెదురై కొండమీది తావో ఆలయాల వైపు పరుగులు తీశారు. శిథిల మంటపం మీద గుడ్లగూబ కర్ణకఠోరంగా కూసింది.

గట్టున మిగిలింది ముగ్గురే. టోఫూ అమ్ముకునే సూయింగ్, ఆమె పందొమ్మిదేళ్ళ కూతురు యావ్‌చిన్, ఆ పిల్ల తలనొప్పి కుదురుస్తానని వాళ్ళను ఇక్కడికి రప్పించిన దేశదిమ్మరి కుయ్ మో.

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు యావ్‌చిన్ తన మెడలోని ఎర్రదారాన్నీ, దానికి వేలాడే వెండి తాళాన్నీ చూపించి గునిసింది.

"పన్నెండో ఏట విప్పాల్సింది కదమ్మా! గాడిదలా ఎదిగాను, ఇంకా చంటిపిల్ల తాళమేంటి? ఊరంతా నవ్వుతోంది."

"నవ్వనీవే. మడుగు దగ్గర మొక్కు చెల్లించి విప్పాలి. ఇవాళ ముందు నీ తలనొప్పి తగ్గనీ. తాళం సంగతి వచ్చే ఏడు చూద్దాంలే."

ఏటా సూయింగ్ చెప్పే మాట అదే. బద్ధకమో, బిడ్డ పరాయిదైపోతుందన్న బెంగో... ఆమెకే తెలియదు.

కుయ్ మో సంచిలోంచి ఒక కపాలాన్ని తీశాడు! కోడిపుంజు రక్తంతో దానిని అభిషేకించి, భీకర స్వరంతో మంత్రోచ్చారణ మొదలుపెట్టాడు. యావ్‌చిన్ కనుగుడ్లు తెల్లబడ్డాయి... ఆమె గొంతులోంచి ఎవరిదో వికృతమైన నవ్వు! అడుగులో అడుగు వేసుకుంటూ ఆమె నీళ్ళలోకి దిగింది.

"ఏం చేస్తున్నావయ్యా నా బిడ్డని?" సూయింగ్ కెవ్వుమంది.

వాడు వికటాట్టహాసం చేశాడు. "పిచ్చిదానా! తండ్రి అండ లేని కన్య కోసం జిల్లాలన్నీ గాలించాను. దీని తండ్రి పోయాడని నువ్వే కదే చెప్పావు! ఇకపై దీని ఆత్మ ఈ పుర్రెలో ఉండి నాకు ఊడిగం చేస్తుంది!"

సూయింగ్ ఒక్క ఉరుకున వెళ్ళి కూతుర్ని వాటేసుకుంది. యావ్‌చిన్ ఆమెను గడ్డిపోచలా విసిరికొట్టింది. అప్పటికే నీళ్ళు ఆ పిల్ల గొంతు దాకా వచ్చాయి. వెండి తాళం నీటిని తాకి తళుక్కుమంది...

సూయింగ్‌కు చప్పున గుర్తొచ్చింది. పందొమ్మిదేళ్ళ కిందట, పురిటిలోనే మూర్ఛలతో నీలుక్కుపోయిన పసిగుడ్డును ఈ గట్టు మీదే పడుకోబెట్టి, "ఇక నీ కూతురే" అని మడుగులోని డ్రాగన్‌కు దత్తతిచ్చింది. ఆ రోజు వేసిన తాళమే అది! దాన్ని విప్పించుకుంటేనే బిడ్డ తిరిగి తల్లిదవుతుంది. అందాకా ఆయనే తండ్రి.

"దానికి తండ్రి ఉన్నాడురా దొంగసచ్చినోడా!" సూయింగ్ గర్జించింది. "నువ్వు నిలబడింది ఆయన గుమ్మంలోనే!" మడుగు వైపు తిరిగి గుండెలు బాదుకుంది. "ఓ ఒంటికన్నాయనా! తాళం విప్పలేదయ్యా... అది ఇంకా నీ కూతురే! చూస్తూ ఊరుకుంటావా?"

ఉరుములు ఆగిపోయాయి... గుడ్లగూబ మూగబోయింది!

మడుగు అట్టడుగున ఒకే ఒక్క కన్ను నిప్పుకణికలా తెరుచుకుంది! కపాలం ఫటేలున పగిలింది. జలరాశి చుట్టలు చుట్టలుగా పైకి లేచి కుయ్ మో నడుమును పెనవేసింది.

"వద్దు! నాకు తెలీదు... తెలీదు!"

ఎముకలు విరిగిన చప్పుడు... తర్వాత బుడగలు... అంతే.

అల ఒకటి మెల్లగా గట్టు మీదికి చేర్చిన యావ్‌చిన్ దగ్గుతూ కళ్ళు తెరిచింది. "అమ్మా... ఎవరో నన్ను ఒళ్ళో పెట్టుకున్నారే. ఒళ్ళంతా పొలుసులు."

సూయింగ్ ఏడుస్తూ బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసింది. కూతురు ఆశగా మెడ చాపింది. తల్లి మాత్రం ఆ తాళంచెవిని మడుగులోకి విసిరేసింది.

బిడ్డ ఇక ఎప్పటికీ పూర్తిగా తనది కాదు. కానీ బతికుంది.