చింతపండుతో తోమిన రాళ్ళు

రాయి మీద చింతపండు పులమగానే బుస్సుమని చిన్న చిన్న బుడగలు వచ్చాయి.

“చూడవే అమ్ములూ! మురికంతా ఎలా వదులుతోందో!” అంది చైత్ర. పాత టూత్‌బ్రష్‌తో ఇంకా గట్టిగా రుద్దింది.

చెల్లెలు అమ్ములు స్టూలెక్కి మరీ చూస్తోంది. దానికి అయిదేళ్ళు.

వాళ్ళు నిలబడ్డది పక్కింటి వంటగదిలో. ఆ ఇల్లు జనార్దనరావు అంకుల్‌ది. ఆయనా, విద్యావతి ఆంటీ కలిసి బంధువుల పెళ్ళికని రెండు వారాలు కాకినాడ వెళ్ళారు. వెళుతూ వెళుతూ ఇంటి తాళాన్నీ, హాల్లో ఉన్న ఉప్పునీళ్ళ అక్వేరియాన్నీ పదేళ్ళ చైత్రకి అప్పగించారు.

ఆస్ట్రేలియాలో వాళ్ళుండే ఊరు టూవూంబా నుంచి సముద్రం చూడాలంటే కారులో రెండు గంటలు వెళ్ళాలి. అంకుల్ మాత్రం చిన్న సముద్రాన్ని హాల్లోనే పెట్టుకున్నారు. అందులో రెండు నారింజరంగు చేపలు. ఒకటి జిలేబి, ఒకటి బజ్జీ. పేర్లు అంకులే పెట్టారు. అడుగున అయిదు రాళ్ళు.

“రోజూ చిటికెడు మేత, ఈ క్యాన్‌లోంచి ఒక గ్లాసు నీళ్ళు. అంతే తల్లీ. రాళ్ళు జాగ్రత్త, వాటికీ ప్రాణముంది,” అన్నారు అంకుల్.

చైత్ర పకపకా నవ్వింది. కెటిల్ బుసలు కొడితే “దీనికి కోపమొచ్చింది” అనే మనిషి మరి. ఇదీ జోకే అనుకుంది.

ఇంట్లో అమ్మ వరలక్ష్మీ వ్రతానికి ఇత్తడి దీపాలు తోముతోంది. “లక్ష్మీదేవి వచ్చే ఇల్లు అద్దంలా ఉండాలి” అంటోంది. ఆంటీ కూడా వ్రతం చేస్తుంది, కానీ రెండే రోజుల ముందు ఊరినుంచి వస్తుంది. పాపం, వచ్చీ రాగానే ఇవన్నీ ఎప్పుడు తోముకుంటుంది? రాళ్ళ మీద జిగురు, పాకుడు, ఊదారంగు మచ్చలు. అందుకే అమ్మ తోమగా మిగిలిన చింతపండు గిన్నెలో పెట్టుకుని వచ్చింది చైత్ర.

నాలుగు రాళ్ళు తోమింది. గోరువెచ్చటి కుళాయి నీళ్ళతో మూడుసార్లు కడిగింది. వెనకున్న అయిదోది మరీ పెద్దది, లేవలేదు. దాన్ని వదిలేసింది.

తెల్లగా మెరిసిపోతున్న రాళ్ళని మళ్ళీ నీళ్ళలో పెట్టి చప్పట్లు కొట్టింది. “ఆంటీ విల్ బి సో సర్‌ప్రైజ్డ్!”

అది శుక్రవారం.

ఆదివారానికి నీళ్ళు పల్చటి పాలలా మారాయి. ఏదో కుళ్ళిన వాసన. చేపలు రెండూ పైకొచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి.

చైత్ర ముక్కు మూసుకుంది. మూత పెట్టేసి, తాళం వేసుకుని ఇంటికొచ్చేసింది.

“చేపలెలా ఉన్నాయే?” అన్నం వడ్డిస్తూ అడిగింది అమ్మ.

అమ్ములు నోరు తెరవబోయింది. చైత్ర టేబుల్ కింద దాని కాలు గిల్లింది.

“ఆల్ గుడ్,” అంది.

సగం అన్నం వదిలేసి లేచింది.

సోమవారం స్కూల్ నుంచి రాగానే పరుగెత్తింది. తెల్లటి రాళ్ళ మధ్య బజ్జీ పక్కకి ఒరిగిపోయి ఉంది. రెక్క కదలటం లేదు. జిలేబి ఒక్కటే పైన గాలికోసం కొట్టుకుంటోంది.

చైత్ర అద్దం మీద తట్టింది. మళ్ళీ తట్టింది.

“బజ్జీ నిద్రపోతోందా అక్కా?” అడిగింది అమ్ములు.

చైత్ర కార్పెట్ మీద కూలబడింది. ఏడుపు కూడా రాలేదు. తాళం ఎక్కడైనా పారేయాలనిపించింది. కళ్ళు మూసుకుంటే ఇదంతా లేకుండా పోతే బాగుండుననిపించింది. కళ్ళు తెరిస్తే జిలేబి ఇంకా నోరు తెరిచి మూస్తూనే ఉంది.

అమ్మ హాస్పిటల్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది. యూనిఫాం కూడా మార్చుకోలేదు. చైత్ర గుమ్మంలోనే అంతా చెప్పేసింది. అమ్మ వెంటనే అంకుల్‌కి వీడియో కాల్ చేసింది.

అంకుల్ వెనక పెళ్ళిపందిరి, సన్నాయి చప్పుడు. నవ్వుతూ ఫోన్ ఎత్తారు. వింటున్నకొద్దీ నవ్వు కరిగిపోయింది.

“కుళాయి నీళ్ళా?”

“అవునంకుల్.”

“చింతపండా?”

“ఐ థాట్ యు వర్ జోకింగ్... ప్రాణముంది అంటే.”

ఆయన సన్నాయి చప్పుడుకి దూరంగా నడిచారు. “ఆ రాళ్ళనిండా కంటికి కనపడనంత చిన్న జీవులుంటాయి తల్లీ. చేపలు చేసిన మురికిని తినేసి నీళ్ళని బాగుచేసేవి అవే. కుళాయి నీళ్ళు తగిలితే చచ్చిపోతాయి. చచ్చి, అందులోనే కుళ్ళిపోతాయి. నీళ్ళెప్పుడు తెల్లబడ్డాయి?”

“నిన్న.”

“నిన్నే చెప్పుంటే...”

ఆ మాట వదిలేసి, నీళ్ళెలా మార్చాలో చెప్పారు. తిట్టినా బాగుండేది.

గరాజ్‌లో డ్రమ్ము నిండా ఆయన కలిపి ఉంచిన ఉప్పునీళ్ళున్నాయి. చైత్ర తెల్లనీళ్ళు మగ్గుతో తోడింది. అమ్మ బకెట్లు మోసి కొత్తనీళ్ళు పోసింది. ఆగస్టు చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. బజ్జీని కామెల్లియా మొక్క కింద పాతిపెట్టారు. జిలేబి బతుకుతుందో లేదో అంకుల్ కూడా చెప్పలేకపోయారు.

బతికింది. కానీ పెద్దరాయి వెనకే ముడుచుకుని ఉండేది.

ఊరినుంచి వచ్చాక కూడా అంకుల్ కోప్పడలేదు. ఆంటీ చైత్ర చేతిలో కాకినాడ కాజా పెట్టింది. చైత్ర దాన్ని పట్టుకుని నిలబడింది, కొరకలేకపోయింది.

“రాళ్ళకి మళ్ళీ ప్రాణం వస్తుందా అంకుల్?”

“నీకు బరువయిందే, ఆ పెద్దరాయి. అదొక్కటే మిగిలింది. దాన్నుంచి మిగతావాటికి పాకాలి. నెలలు పడుతుంది. పాకకపోనూ వచ్చు.”

రోజూ స్కూల్ అయ్యాక చైత్ర వచ్చి అద్దం ముందు కూర్చునేది. ప్రతి శనివారం డ్రమ్ములో ఉప్పు కలిపేది. నాలుగు రాళ్ళూ ఎముకల్లా తెల్లగానే ఉండేవి. వారం గడిచింది. మూడు వారాలు గడిచాయి. తనవల్ల చచ్చినది ఎలా తిరిగొస్తుంది, అనుకునేది.

అయిదోవారం ఒక రోజు ఒక తెల్లరాయి అంచున గోధుమరంగు మరక కనిపించింది.

చైత్ర అద్దానికి దగ్గరగా వంగింది. మళ్ళీ ఏం చేశాను? చేతికి సబ్బు ఉందా? ఉప్పు ఎక్కువైందా?

“డర్ట్, అక్కా! తుడిచేద్దాం!” అమ్ములు టిష్యూ పట్టుకుని నీళ్ళలో చెయ్యి పెట్టబోయింది.

చైత్ర దాని మణికట్టు పట్టుకుంది. “ముట్టుకోకు!”

మరకని పెద్దవాళ్ళెవరూ చూడలేదు. ఆంటీ ఇంట్లో లేదు. అంకుల్ పెరట్లో బట్టలారేస్తున్నారు. మూత పెట్టేసి ఇంటికెళ్ళిపోవచ్చు.

చైత్ర చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి పరుగెత్తింది.

“అంకుల్! ఏదో తప్పు జరిగింది. బహుశా నావల్లే. ఇప్పుడే రండి, ప్లీజ్!”

అంకుల్ చేతిలో క్లిప్పుతోనే వచ్చారు. కళ్ళజోడు పైకి తోసి, అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశారు.

“ఇలాగే మొదలవుతుంది,” అన్నారు చివరికి, చిన్నగా. “ఇది మురికి కాదు తల్లీ. రాయి మీద ఏదో బతకటం మొదలెట్టింది.”

ఆయన ఒక కుర్చీ లాక్కొచ్చి చైత్ర కుర్చీ పక్కన వేసుకున్నారు. జిలేబి పెద్దరాయి వెనకనుంచి మెల్లగా బయటికొచ్చి, ఆ మరకని ఒకసారి మూతితో తాకి వెనక్కి పారిపోయింది.

“అమ్ములూ,” అంది చైత్ర, “ఆ టిష్యూ ఇటివ్వు.”

తీసుకుని ముక్కు తుడుచుకుంది.