పదిహేడో నంబరు రీడింగు

పిల్లలూ, ఈ సంగతి మీకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు సిగ్గుపడి ఊరుకున్నారు.

మచిలీపట్నంలో ఒక ల్యాబు. మోకాళ్ల నొప్పులకు కొత్త మాత్ర మీద పరిశోధన. ఘంటసాలలో ముప్పైమంది దాన్ని మింగుతున్నారు. లివర్‌ను అది ఏం చేస్తోందో ఒక్క పరీక్షతో తేలదు. నెలనెలా రక్తం తీసి, రీడింగు ఎటు పోతోందో చూడాలి; పెరిగితే లివర్ చెడుతున్నట్టు. టెక్నీషియన్ ప్రీతికి ఆ ముప్పైమందీ తెలుసు. ఆమె తల్లి కృపాకుమారి వాళ్లలో ఒకరు.

ఆ మధ్యాహ్నం ఒకటే వాన. గదిలో స్పిరిట్ వాసన. మిషన్ సన్నగా గుర్రుమంటోంది. ఊళ్లో రక్తం తీసుకొచ్చే శ్యాంబాబు ఘంటసాల వెళ్లి తెచ్చానన్న మూడో నెల ట్యూబులు మిషన్‌లో వరసగా పెడుతూ ప్రీతి ఆగిపోయింది.

పదిహేడు. శోభనాద్రి.

"శ్యాంబాబుగారూ, ఈయన రక్తం ఎప్పుడు తీశారు?"

"మొన్న సోమవారం."

"ముందురోజేగా ఆయన పెద్దకర్మ! కామెర్లతో పోయారు. నేను భోంచేసి వచ్చానండీ."

అతను నవ్వేశాడు. "రోడ్డంతా నీళ్లమ్మా. పోయిన నెల మిగిలిన రక్తమే పోశాను. అందరిదీ. నీకెందుకు కంగారు?"

"మా అమ్మది కూడానా?" ప్రీతి గొంతు పెంచింది. "బాగుందని మీరు రాస్తే ఆవిడ ఇంకా మింగుతుంది! మనుషులండీ వాళ్లు. సిగ్గు లేదూ?"

"మెల్లగా... ఎవరైనా వింటారు."

"విననివ్వండి!"

మిషన్ కాగితం కక్కింది. పాత రక్తానికి పాత అంకెలే. పదిహేడుకు తప్ప. పోయిన నెల నలభై. ఇప్పుడు నాలుగువందలు.

"మిషన్ తప్పు," అని గొణుగుతూ అతను మళ్లీ పెట్టాడు.

ఆరువందలు.

మళ్లీ...

తొమ్మిదివందలు.

మనిషి పోయాడు. ట్యూబులో నెత్తురుకు... రోగం ముదురుతోంది.

శ్యాంబాబు గోడకు అంటుకుపోయాడు. ప్రీతి ఫోనందుకుంది.

"అమ్మా, ఆ మాత్ర పారెయ్."

"డాక్టరుగారు ఆపొద్దన్నారే..."

"నేను చెబుతున్నాగా!"

సాయంత్రానికి దొరికినంత దూరం బస్సులో, ఆపైన మోకాలి లోతు నీళ్లలో నడిచి వెళ్లి, తల్లి రక్తం తనే తీసింది. మూడువందలు. ఇంకో నెల మింగి ఉంటే దక్కేది కాదన్నారు ఆసుపత్రి డాక్టర్లు.

ప్రీతి ఊరుకోలేదు. పై వాళ్లకు అంతా రాసి పంపింది. పరిశోధన ఆగింది. ట్యూబులు కాల్చేశారు.

కానీ నెలకోసారి, ఏమీ పెట్టకుండానే, ఆ మిషన్ ఒక కాగితం ఇస్తోంది. పదిహేడు. ఏడువందలు. తర్వాత ఐదువందలు. పోయిన నెల రెండువందలు...

తగ్గుతోంది. కోలుకుంటున్నవాడిలా.

ఈ నెల కాగితం ఇంకా రాలేదు. వచ్చేలోపు మీ తోటివాళ్లకూ చెప్పండి, మనిషిని చూడకుండా అంకె వెయ్యొద్దని.