తోల్కపోత

2012 జూలై 12, గురువారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నవి రెండు జొన్నరొట్టెలు, చింతచిగురు పప్పు, సగం ఉల్లిపాయ. డబ్బాలో మూడో రొట్టె కూడా ఉంది. దాన్ని తుంచేలోగా పక్క గదిలో గొడవ మొదలైంది.

రొట్టెలు పంపింది భాగ్యమ్మ. మా ఆఫీసుకు అద్దె కార్లు పెట్టిన కొండల్ వాళ్ళమ్మ. నా భార్య పోయాక నేను ఆఫీసు వెనక గదిలోనే ఉంటున్నానని తెలిసి, అడగకుండానే రోజూ డబ్బా పంపేది.

మాది జాతీయ విశ్వవిద్యాలయాల సలహా మండలి, దక్షిణ ప్రాంత కార్యాలయం. ఒక్కో రాష్ట్రంలో విశ్వవిద్యాలయాలది ఒక్కో పద్ధతి, ఒక్కో సిలబస్. వాటి మధ్య పొంతన కుదర్చడం మా పని. ఆజ్ఞాపించే అధికారం లేదు, సలహా చెప్పడం వరకే. పొద్దున విమానం దిగి సాయంత్రం విమానం ఎక్కే వైస్ ఛాన్సలర్లకు వీలుగా ఉంటుందని శంషాబాద్‌లోనే ఒక డాబా ఇల్లు తీసుకున్నారు. నేను అక్కడ సూపరింటెండెంట్‌ని.

గొడవ పడుతున్నది మాధవీలత. కొత్త రీసెర్చ్ ఆఫీసర్. కాకినాడ నుంచి వచ్చి వారం కాలేదు. సోమవారం సమావేశానికి ఐదుగురు వైస్ ఛాన్సలర్లు వస్తున్నారు, కార్ల సంగతేమిటని కొండల్‌ని అడిగింది.

"మీరు పరేషాన్ గాకుండ్రి మేడం. ఐదుగురిని నేనే తోల్కస్త," అన్నాడతను.

"తోలుకురావడానికి వాళ్ళేమైనా గేదెలా అండీ?"

నేను రొట్టెతోనే గుమ్మంలోకి వచ్చాను. కొండల్ ఎం.కాం. చదివి, సొంతంగా మూడు కార్లు తిప్పుకుంటున్న మనిషి. మాట పడి ఊరుకునే రకం కాదు.

"మా అమ్మను దవాఖానకు నేనే తోల్కపోత మేడం. మా అమ్మ గేదెనా?"

తమ వైపు పశువుల్నే తోలతారని ఆమె. తమ దిక్కు మనుషుల్ని వెంటబెట్టుకుని తోల్కపోతారని అతను. రెండూ తెలుగే కదా అని నేను సర్దబోతే ఇద్దరూ కలిసి నన్ను కోపంగా చూశారు. వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

సోమవారం ఒకటే వాన. ఎయిర్‌పోర్టుకు మాధవీలత కూడా వెళ్ళింది. బెంగళూరు నుంచి దిగిన పెద్దాయనకు మోకాళ్ళ నొప్పులు. కొండల్ గొడుగంతా ఆయన మీదే పట్టి, తన వీపు తడుస్తున్నా పట్టించుకోకుండా, ఆయన అడుగుకు అడుగు కలుపుతూ కారు దాకా నడిపించాడట. సాయంత్రం ఆమె నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"బాబాయ్ గారూ, తోల్కరావడమంటే ఇదా?"

"ఇదేనమ్మా," అన్నాను.

అప్పట్లో ఆమె ఒక సిఫారసు రాస్తోంది. ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకోదానికి మారే విద్యార్థి ఏడాది నష్టపోకూడదని, ఒకచోట చదివిన చదువుకు వచ్చిన క్రెడిట్లు ఇంకోచోట చెల్లాలని. ఆ చిత్తుప్రతి వెనక వైపు పెన్సిల్‌తో ఇంకో పట్టిక గీసుకుంది. ఎడమవైపు కొండల్ మాట, కుడివైపు కాకినాడ మాట. జరకు ఎదురుగా కాస్త. మాపటికి ఎదురుగా సాయంత్రానికి. తోల్కపోవుడు దగ్గర మాత్రం కుడివైపు ఖాళీ.

అది కొండల్ కంటపడింది. తన మాటలకు ఎన్ని క్రెడిట్లు ఇస్తారని అడిగాడు. అటెండెన్స్ తక్కువుంది, రోజూ రావాలంది ఆమె. ఇగ అతిథులున్నా లేకున్నా రోజూ వచ్చేవాడు. ఒకసారి ఇద్దరూ ఆఫీసు పని మీద నగరానికి వెళ్ళొస్తుంటే గగన్‌పహాడ్ దగ్గర లారీలు అడ్డం పడి వాళ్ళ కారు గంటన్నర ఆగిపోయింది. ఆలస్యానికి ఇద్దరిలో ఒక్కరూ విసుక్కోకపోవడం నేను గమనించాను.

నవంబరులో ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చింది. మాధవీలతకు ప్రమోషన్ మీద హెడ్డాఫీసుకు బదిలీ. వెళ్తారో లేదో శుక్రవారం సాయంత్రం ఐదులోగా రాసివ్వాలి. ఆమె ఆ కాగితం మొదట కొండల్‌కే చూపించింది. చూపించి, అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది.

కొండల్ రెండు రోజులు కనిపించలేదు. గురువారం వచ్చి, చేతులు కట్టుకుని, తప్పు లేకుండా ఒప్పజెప్పాడు.

"ప్రయాణం ఎప్పుడో చెప్పండి. మిమ్మల్ని ఎయిర్‌పోర్టుకు జాగ్రత్తగా తీసుకెళ్తానండి."

అచ్చం కాకినాడ తెలుగు. ఆమె థాంక్సండి అని లోపలికెళ్ళి, వెళ్తానని టైపు చేసి, ఫ్యాక్స్ చేయమని నా చేతికిచ్చింది.

"చూశారా బాబాయ్ గారూ? తీసుకెళ్తాడట. సూట్‌కేసుని తీసుకెళ్ళినట్టు."

ఫ్యాక్స్ మిషన్ బాగానే ఉంది. అయినా దానికి ఒకరోజు విశ్రాంతి ఇచ్చాను. సాయంత్రం డబ్బా కడిగి నేనే తీసుకుని భాగ్యమ్మ ఇంటికి వెళ్ళాను. కొండల్ వాకిట్లో కారు తుడుస్తున్నాడు. గట్ల ఎందుకు మాట్లాడావని అడిగితే చాలాసేపు ఒకే అద్దం తుడిచాడు.

"పెద్ద ఆఫీసరు సార్. నా మాటతోని ఆమెకు నామోషీ గావద్దని నాలుగు నెలల సంది నేర్చుకున్న."

నేను సూట్‌కేసు సంగతి చెప్పాను. తుడిచే గుడ్డ అతని చేతిలో ఆగిపోయింది. లోపల గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది.

మరునాడు నాలుగింటికి, వానలో, పట్టుచీర కట్టుకుని భాగ్యమ్మ వచ్చింది. వెనకాల కొండల్. ఆమె డబ్బా నా బల్ల మీద పెట్టి, తిన్నగా పోయి మాధవీలత ఎదుట కూర్చుంది.

"బిడ్డా, నిన్ను మా ఇంటికి తోల్కపోదామని వచ్చిన. నీకు ఇష్టమైతెనే. మావోనికి నోరు లేస్తలేదు."

మాధవీలత కొండల్ వైపు చూసింది. చెప్పాల్సింది ఆయన కదా అంది.

"జర భయమైతుంది మేడం," అన్నాడు కొండల్. ఒక అడుగు ముందుకేశాడు. "తోల్కపోత. వస్తవా?"

ఆమెను అతను ఏకవచనంలో పిలవడం అదే మొదటిసారి.

"ఇది ఆజ్ఞా, సలహానా?"

"సలహానే. ఒప్పుకునుడు నీ ఇష్టం."

ఆమె నా దగ్గరికొచ్చి చేయి చాపింది. నిన్నటి కాగితం ఇచ్చేశాను. దాన్ని నాలుగు ముక్కలు చేసి, కొత్త కాగితం మీద రెండు వాక్యాలు రాసింది. ఆ ఫ్యాక్స్ నాలుగూ నలభైకి ఒక్క గరగర కూడా లేకుండా ఢిల్లీ చేరింది.

తర్వాత కాకినాడకు ఫోన్ చేసింది. వాళ్ళ నాన్నగారు బడిపంతులుగా పనిచేసి రిటైరైన మనిషి, ప్రతి మాటా తూచి మాట్లాడేవారు. అబ్బాయి ఏమన్నాడని అడిగారు. తోల్కపోతాడట నాన్నా అని చెప్పింది. అవతల ఆయన గొంతు పెరిగింది.

"గేదెలాగానా?"

ఆ మాట మా అందరికీ వినబడింది. మాధవీలత నవ్వు ఆపుకోలేక ఫోన్ భాగ్యమ్మకిచ్చేసింది.

"అన్నా, ముందుగాల మీరొచ్చి మా ఇల్లు చూడుండ్రి. మా మనుషులను చూడుండ్రి. మీరు రైలు దిగితె చాలు, మావోడే వచ్చి తోల్కస్తడు."

పెద్దాయన నవ్వారు.

"సరే చెల్లెమ్మా, ఆదివారం వస్తాం. తోల్కురమ్మనండి."

చీకటి పడుతుండగా భాగ్యమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరూ వరండాలో మిగిలారు. ఆ పట్టికలో కుడివైపు ఖాళీ నింపాలని ఆమె, అది అట్లనే ఉండనీ అని అతను. వాన తగ్గలేదు. వాళ్ళకూ తొందర లేదు.

నేను డబ్బా విప్పాను. మూడు రొట్టెలు, ఇంకా వెచ్చగా. తినేముందు లేచి, వరండా దీపం వెలుగుతుండగానే వదిలేసి, వీధి తలుపు చప్పుడు కాకుండా మూసుకున్నాను.