లోపలికి తెరుచుకునే గేట్లు

‘‘స్టేడియం ప్లాన్లు గీసింది ద్వాలి,’’ అన్నాడు చీఫ్ వెంకటరామారావు. ‘‘విదేశీ ముఠాలో మన ఏజెంటు. రెండు నెలలుగా కబురు లేదు. అటు తిరిగిపోయిందని అనుమానం. నిజమైతే కాల్చెయ్.’’

ఏజెంట్ తుల్సీరాం తల ఊపాడు. తమది ఒకే తండా అనీ, పదేళ్ళ కిందట పెళ్ళిమాట దాకా వచ్చి విడిపోయామనీ చెప్పలేదు.

1986 మార్చి. పాల్వంచ దాటాక, అడవి అంచున, కొత్త జాతీయ స్టేడియం. ముప్పైవేల సీట్లు, ఎనిమిది ఉక్కు గేట్లు. ఆ సాయంత్రమే ప్రారంభం. తుల్సీరాం గోళీసోడా బండితో లోపలికి వచ్చాడు. ఐసుపెట్టెలో వైర్‌లెస్, సీసాల కింద పిస్తోలు. ముఠా దాడి భయంతో బాంబ్ స్క్వాడ్ స్టేడియాన్ని మూడుసార్లు వెతికింది. బాంబేమీ దొరకలేదు.

మూడున్నరకు జనం నిండారు, గేట్లు మూశారు. ఎనిమిదో గేటు రెక్కను చూడగానే తుల్సీరాం చేయి సోడాసీసా మీదే ఆగిపోయింది. ఆ రెక్క లోపలికి మాత్రమే తెరుచుకుంటుంది. తండాలో పశువుల దొడ్డికి నాన్న అట్లాగే బిగించేవాడు: బెదిరిన మంద ఎంత తోస్తే తలుపు అంత బిగుసుకుంటుంది.

ఇక్కడ మంద, మనుషులు. బాంబు అక్కరలేదు, ఒక దొంగ సైరన్ చాలు.

పట్టుచీర, నల్లకళ్ళద్దాలు బండి ముందు ఆగాయి.

‘‘సోడాల ఉప్పేస్తవా, తేనేస్తవా?’’ కోడ్ పాతదే. గొంతూ పాతదే.

‘‘తేనె అయిపోయింది.’’

‘‘దొడ్డి తలుపు గుర్తువట్టినవా?’’ అంది ద్వాలి. ‘‘రెండు నెలల కింద ముఠా గేట్లను గట్ల మార్చి గీయమన్నది. గీసిన్నాడే మీ ఆఫీసుకు రాసిన. మీ వోళ్ళకు చదువు రాదా ఏంది?’’

అతని వేళ్ళు పిస్తోలు మీద ఉన్నాయి. ఆమె చూసింది.

‘‘కాలుస్తే జల్దీ కాల్చు, తుల్సీ. లేకుంటే బండి తాళ్ళు విప్పు. నాలుగింటికి సైరన్.’’

అతను తాళ్ళు విప్పాడు.

మైకులో చెబితే ఆ మాటే తొక్కిసలాట. తాళంచెవులు ఆమె దగ్గరున్నాయి. రెక్కను లాగి గోడకు కట్టాలి. వదిలితే స్ప్రింగు మళ్ళీ మూసేస్తుంది. చెరి నాలుగు గేట్లు పంచుకున్నారు. తాడు ఏడు గేట్లకే సరిపోయింది.

రెండు నిమిషాల ముందే సైరన్ మోగింది.

ముప్పైవేల మందీ బయటపడ్డారు. ఎనిమిదో గేటు దగ్గర తుల్సీరాం రెక్కను మెల్లగా పక్కకు జరిపాడు. దానికీ గోడకూ నడుమ, రెక్క మూసుకోకుండా పిడిని రెండు చేతులా పట్టుకుని, ద్వాలి నిలబడే ఉంది. రెక్క జరగగానే, ఊపిరి లేకుండా అతని మీదికి ఒరిగింది. కళ్ళద్దాలు మాత్రం పగల్లేదు.

మర్నాడు చీఫ్ బల్ల సొరుగులో, ద్వాలి రాసిన ఉత్తరం, విప్పకుండానే, దొరికింది. దానిపై ఆఫీసు ముద్ర: ‘తొందర లేదు.’