చివరి పలక

ఉప్పుమడుల పేట వాళ్లవి ఇనపపేగులని ఎదురింటి ఎర్నమ్మ వీధంతా చెబుతోందట. మండలమంతా నీళ్లవిరేచనాలతో మంచం పట్టినా ఆ పేటలో ఒక్క పేగూ చిల్లుపడలేదట, పేగులు పరీక్షించే పేగుశాలే ఆ మాట తేల్చిందట. "మనం పప్పుచారు తిని పోతన్నాం, ఆళ్లు ఎండుసేప తిని బండల్లాగ ఉన్నారు" అందట.

ఈ కబురును మధ్యాహ్నం క్యారేజీతో పాటు పేగుశాలకు మోసుకొచ్చింది వరహాలు మొగుడు రాజులు.

"మరి పొద్దున్న ఆ పేట తవిటమ్మ కోడల్ని మంచమ్మీద ఇంటికి మోసుకెల్తంటే నాను సూసేనే. ఇనపపేగు అలాగ జారిపోద్దేటి?" అని నవ్వాడు.

వరహాలు నవ్వలేదు. గాజుతెర వెనక, చేతితొడుగుల్లో ఆమె చేతులు జావ పోస్తూనే ఉన్నాయి. ముందు కచేరీ వీధి, తర్వాత బజారు, ఆ తర్వాత సొంత వీధి. వీధికొక పలక. పలక నిండా గుంటలు, గుంటకొక జిగురుముద్ద, ముద్దలో ఆవగింజంత పేగుమొగ్గ. ఇంటికొకటి. ఆ ఇంటి మనిషికి గీరుగొట్టం మింగించి తీసిన పిసరు నుంచి పెంచినది. లోపల బోలు, చుట్టూ మడతలు, అచ్చం ఆ మనిషి కడుపే. ఊళ్లోకి కొత్త రోగప్పురుగు దిగితే, మందు పంచే యంత్రం పంపకి దాన్ని ముందుగా ఈ మొగ్గల్లోకే సూదితో ఎక్కిస్తుంది. మొగ్గలోని నీలిరంగు బయటికి కారితే ఆ ఇంటికి పురుగును తినే భక్షకచుక్కలు వెళ్తాయి. కారకపోతే లేవు. చుక్కలు అందరికీ సరిపడా పండవు.

ఉప్పుమడుల పలకలో నలభై మూడు మొగ్గలు. ఒక్కదాంట్లోనూ రంగు కదల్లేదు. పేటకు ఒక్క చుక్క వెళ్లలేదు. పైగా పంపకి మెచ్చుకుంది: "ఏకరూపత అద్భుతం."

ఎందుకుండదు. ఆ నలభై మూడూ వరహాలు కడుపే.

ఆర్నెల్ల కిందట ఆమె మేనకోడలి పెళ్లి. జావే మొగ్గల మేత, రెండ్రోజులకోసారి పడాలి. ఆ రోజు వీధులన్నిటికీ పోసి, గడియారం చూసుకుని, ఆఖరిదైన ఉప్పుమడుల పలకకు పొయ్యకుండానే చేతులు కడిగేసుకుంది. వచ్చేక పోస్తాలే అనుకుంది. నాలుగోనాడు వచ్చి చూస్తే గుంటల్లో నల్లటి మసి. మళ్లీ పేటకెళ్లి గీరి తేవాలంటే ఎందుకో చెప్పాలి. పంపకి ఎన్ని బతికాయో చూస్తుంది గాని అవి ఎవరివో చూడదు. తన కడుపు నుంచి పెంచిన మొగ్గ ఏపుగా ఉంది. నారు పీకి నాటినట్టు దాన్నే తుంపి నలభై మూడు గుంటల్లో నాటేసింది.

మొదట గీరడానికి వెళ్లిననాడు తవిటమ్మ పీట వేసి, తాటిముంజెలు ఒలిచి చేతికిచ్చింది. "మా పేగులు నీ సేతిలో ఎట్టేం అమ్మా, బద్రం" అంది.

"ఉప్పుమడుల పలక రద్దు," అంది వరహాలు పంపకి తెర వైపు తిరిగి.

"రద్దు చేస్తే మండలం మొత్తం పంపిణీ ఆగుతుంది. కారణం ఎంచండి: కరెంటు, కల్తీ, యంత్రదోషం," అంది పంపకి.

ఆమె ముఖం చూసి రాజులుకు సగం అర్థమైంది. "కరెంటని సెప్పీయే. ఎవులడుగుతారు?"

"నేను జావ పొయ్యలేదు. ఇవి వాళ్ల మొగ్గలు కావు, నావి," అంది తెరతోనే.

"ఆ కారణం జాబితాలో లేదు."

"రాసుకో."

పంపకి ఆ మాట రాసుకుంది. తర్వాత తెర మీద పంపిణీ చూపే పచ్చదీపాలు వీధి వెంట వీధి ఆరిపోయాయి. ఎర్నమ్మ ఇంటిదీ ఆరింది, తన ఇంటిదీ ఆరింది. పంపిణీ ఆగితే చుక్కలపెట్టె తాళం మొగ్గలు పెంచే మనిషి చేతికి రావాలన్నది నియమం. పెట్టె టక్కుమని తెరుచుకుంది.

తవిటమ్మ వాకిట్లో పదిమంది దాకా ఉన్నారు. వరహాలు ముందు కోడలి నోట్లో చుక్కలు వేసింది. పెట్టెను రాజులు ఇంటింటికీ తిప్పుతున్నాడు. ఎవరో పీట వేశారు. ఆమె కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది.

"ఆనాడు జావ నిండుకుందేటి?" అని అడిగింది తవిటమ్మ.

"లేదు పిన్నీ, ఉంది. పెళ్లికి టైమైపోయింది. మీ పలక ఆఖర్న ఉంటాది..."

"పలకలు పేర్సింది నువ్వేనా?"

"నానే."

ముసలామె కొంగుతో కోడలి మూతి తుడిచి, అప్పుడు తలెత్తింది.

"పెళ్లికెల్లేవు, సరే. మా పలక ఆఖర్న ఎందుకెట్టేవు?"