మరియమ్మ చెంప మీది చార

"అది నకలు."

వెనక నుంచి వచ్చిన ఆ మాటకు నీవెస్ మాట మధ్యలోనే ఆగిపోయింది.

బయట ఇటలీలోని మాంతువా ఊరి వీధుల్లో ఆగస్టు ఎండ నిప్పులు చెరుగుతోంది. పదకొండు మంది యాత్రికులు చర్చి చల్లదనంలో బల్లల మీద కూలబడి, విసనకర్రలు ఊపుకుంటూ ఆమె చెప్పేది వింటున్నారు. ఎదురుగా గోడ మీద, కొడుకు పుడతాడని దేవదూత తెచ్చిన కబురు వింటున్న మరియమ్మ చిత్రం. ఐదొందల ఏళ్ల నాటిది. గీసిందెవరో ఎవరికీ తెలియదు. ఆమె చెంప మీది కన్నీటి చార గురించి చెప్పేటప్పుడల్లా గైడ్ నీవెస్ గొంతు వణుకుతుంది. ఇవాళా వణికింది. బొలోన్యా నుంచి వచ్చిన ఎర్సీలియా బామ్మ అప్పటికే రుమాలు తీసింది.

"ఏమన్నారు?"

"నకలండీ. అసలుదాన్ని శుభ్రం చేయడానికి తీసుకెళ్లి రెండేళ్లయింది."

నీవెస్ అతన్ని గుర్తుపట్టింది. నెల రోజులుగా ప్రతి శనివారం ఆమె గుంపులో చేరి, ఈ బొమ్మ దగ్గర మాత్రం ఉండి, తర్వాత మాయమైపోయే పొడుగాటి మనిషి.

"నేను ఈ ఊళ్లోనే పుట్టానండీ. నాకు చెప్పడానికి మీరెవరు?"

"నా పేరు కొర్రాడో. ఆ నకలు గీసింది నేనే."

విసనకర్రలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"కావాలంటే ఆ తలుపు వెనక చూడండి," అన్నాడతను మెల్లగా.

నీవెస్ విసవిసా వెళ్లి, ఎప్పుడూ బార్లా తెరిచి ఉండే తలుపును లాగింది. వెనక గోడకు ఒక కాగితం. చిన్న చిన్న అక్షరాల్లో అతను చెప్పిందే రాసి ఉంది. ఆమె చెవులు వేడెక్కిపోయాయి. వెరోనాలో చదువు ముగించి ఈ పనిలో చేరి ఏడాదిన్నర. ఏడాదిన్నరగా నకలు ముందు నిలబడి ఏడుస్తోందన్నమాట!

"తెలిసి కూడా ఇన్ని వారాలు నోరు మూసుకున్నారా?"

"మొదటి రోజే చెబుదామని వచ్చాను. మీరు మాట్లాడుతుంటే నోరు రాలేదు."

"ఇవాళెలా వచ్చిందో?"

"అసలు చిత్రం వచ్చే వారం తిరిగొస్తోంది. అప్పుడు మీరు నలుగురిలో కంగు తినకూడదని..."

"మరి ఇప్పుడెక్కడ తిన్నాను, నాలుగ్గోడల మధ్యనా?"

"బాగా అడిగావు తల్లీ!" అంది ఎర్సీలియా బామ్మ.

పన్నెండు గంటలు కొట్టారు. చర్చి మూసే వేళ. యాత్రికులు గుమ్మడికాయ కూరిన, కజ్జికాయల్లాంటి తొర్తెల్లీలు తినడానికి బయల్దేరారు.

"అసలుదాన్ని శుభ్రం చేస్తున్న మా వర్క్‌షాప్ రెండు వీధుల అవతలే. ఒక్కసారి చూడండి, తర్వాత ఎంతైనా తిట్టండి," అన్నాడు కొర్రాడో.

"తర్వాత దాకా ఎందుకు?" అంది నీవెస్. దారి పొడవునా తిట్టింది. వర్క్‌షాప్ గుమ్మం దాటగానే తిట్లు ఆగిపోయాయి.

కిటికీ వెలుగులో అసలు చిత్రం. మరియమ్మ నవ్వుతోంది! పెదాలు విచ్చుకుని, కళ్లు చిన్నవై, ఆపుకోలేని నవ్వు.

నీవెస్ పక్కనున్న ముక్కాలి పీట మీద కూర్చుండిపోయింది. "కన్నీళ్లేవి?"

"అవి కన్నీళ్లు కావు. పైన పూసిన వార్నిష్ కారి నల్లబడింది. నకలు గీసేనాటికి దీన్ని శుభ్రం చేయలేదు. నేనూ ఏడుస్తోందనే అనుకున్నాను."

"అంటే... లేని ఏడుపు నువ్వు గీశావు, దానికి నేను ఏడ్చాను!"

తను 'నువ్వు' అన్న సంగతి ఆమె గమనించలేదు. అతను గమనించాడు.

"తప్పంతా నాదేనని ఆ యాత్రికులకు నేను చెప్తాను," అన్నాడు.

"అక్కర్లేదు. చెప్పిన నోటితో నేనే దిద్దుకుంటాను. రేపటి నుంచి నన్ను గైడ్‌గా ఎవరూ పిలవకపోయినా సరే."

నాలుగింటికి పదకొండు మందినీ అక్కడికే తీసుకొచ్చింది. "పొద్దున నేను చెప్పింది తప్పు. అసలు మరియమ్మ ఈమె," అంది. ఈసారి గొంతు వణకలేదు.

ఎర్సీలియా బామ్మ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, ఫక్కున నవ్వేసింది.

"నాకు కడుపొచ్చిందని తెలిసినప్పుడు నేనూ ఇలాగే నవ్వాను. ఏడ్చింది మా ఆయన!"

గదంతా నవ్వులు. నీవెస్ గుండెల మీంచి బరువు దిగింది. బామ్మ కొర్రాడో వైపు తిరిగింది.

"ఏం బాబూ, నువ్వు గీసిన బొమ్మనే చూసుకోడానికి వారం వారం వచ్చేవాడివా?"

కొర్రాడో మొహం కందగడ్డ అయింది. "లేదండీ. బొమ్మ వైపు ఒక్కసారీ చూడలేదు."

పదకొండు జతల కళ్లు నీవెస్ మీదకు తిరిగాయి.

"ముందే చెప్పొచ్చుగా," అంది నీవెస్ అతనితో.

"చెప్తే నువ్వు నవ్వుతావని భయమేసింది."

ఆమె నిజంగానే నవ్వింది. వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ్టికి పర్యటన ముగిసిందండీ," అంది యాత్రికులతో.

"ఇంకా రెండు చర్చిలు ఉన్నాయి కదమ్మా?" అన్నారెవరో.

"అవి రేపు కూడా ఉంటాయి!" అంటూ ఎర్సీలియా బామ్మ అందరినీ గుమ్మం వైపు తోలుకెళ్లింది.